వెన్నులో రక్తస్రావం, ఆపరేషన్, ఆ తర్వాతి ఆరు నెలలు: నా అనుభవం

నాకు గుండెలో మైట్రల్ వాల్వ్ తీసేసి లోహపు వాల్వ్ వేసి చాలా ఏళ్ళయింది. అలాంటి వాల్వ్ ఉన్నవాళ్ళకి రక్తం పలచబడే మందు, వార్ఫరిన్, జన్మంతా తప్పదు. రక్తం ఎంత పలచగా ఉందో చెప్పే అంకె ఐఎన్ఆర్, అది నాకు 2.5కీ 3.5కీ మధ్య ఉండాలి. అంకె పెరిగితే రక్తం మరీ పలచబడినట్టు. నెలనెలా పరీక్షకి రక్తం ఇవ్వడం, మాత్ర అర పెంచడం, పావు తగ్గించడం, ఇదంతా ఎప్పుడో ఒంటికి పట్టేసింది. చిగుళ్ళ నుంచి రక్తం కారితే రండి, విరేచనం నల్లగా అయితే రండి, తలకి దెబ్బ తగిలితే వెంటనే రండి అని డాక్టర్లు చెబుతూనే ఉండేవారు. వెన్నులో కూడా రక్తం కారి వెన్నుపామును నొక్కేయొచ్చని మాత్రం ఎవరూ చెప్పలేదు. మరీ అరుదు కాబట్టి చెప్పాలని తోచి ఉండదు. అందుకే ఇది రాస్తున్నాను. ముఖ్యంగా మూత్రం సంగతి. ఈ జబ్బులో అందరూ కాళ్ళ గురించే అడుగుతారు. నా విషయంలో జబ్బును బయటపెట్టింది మూత్రమే, ఆ తర్వాత నెలల తరబడి నా రోజును నడిపించిందీ అదే.

మార్చి 11, మంగళవారం. రాత్రి తొమ్మిదిన్నర అయి ఉంటుంది. వారం నుంచీ దగ్గు. మంచం మీద కూర్చుని గట్టిగా దగ్గాను. రెండు భుజాల ఎముకల మధ్య, సరిగ్గా వెన్ను మీద, ఏదో తెగినట్టు నొప్పి. అంతకు ముందు నొప్పి లేదు, ఆ క్షణం నుంచి ఉంది. అంత స్పష్టంగా మొదలైన నొప్పి నేను ఇంకెప్పుడూ చూడలేదు. పడుకుంటే ఎక్కువ, కూర్చుంటే ఎక్కువ, అటూ ఇటూ తిరుగుతుంటే కాస్త నయం. పది నిమిషాల్లో ఛాతీ చుట్టూ ముందుకి పాకింది.

గుండె ఆపరేషన్ అయిన మనిషికి ఛాతీ నొప్పి అంటే ఇంట్లోవాళ్ళకి ఇంకేం తోస్తుంది? మా ఆయన దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఈసీజీ తీశారు, బాగుంది. ట్రోపోనిన్ పరీక్షకి రక్తం తీసుకున్నారు, గంట కూర్చోబెట్టారు, అదీ నార్మల్. గుండెపోటు కాదని తేలగానే అక్కడ అందరి ముఖాలూ తేలికపడ్డాయి. దగ్గి దగ్గి కండరం పట్టేసిందన్నారు. నొప్పి మాత్రలు రాసిచ్చి అర్ధరాత్రి దాటాక పంపేశారు. వార్ఫరిన్ వాడుతున్నానని చీటీ మీద మొదటి లైన్లోనే ఉంది. ఐఎన్ఆర్ చూడలేదు. ఆ చీటీని మా అమ్మాయి ఇప్పటికీ ఫైల్లో దాచింది. ఎందుకే అంటే, ఉండనీ అంటుంది.

రెండు గంటలకి నొప్పి కాస్త తగ్గింది. మాత్ర పనిచేసిందనుకుని కళ్ళు మూసుకున్నాను. నాలుగింటికి లేచాను. అరికాళ్ళు తిమ్మిరి. మంచం దిగి రెండడుగులు వేశానో లేదో కుడి మోకాలు మడతపడిపోయింది. గోడ పట్టుకుని బాత్‌రూమ్ దాకా వెళ్ళాను. కూర్చున్నాను. పొత్తికడుపు బిగుసుకుని ఉంది, చుక్క రాలేదు. కుళాయి తిప్పి ఆ శబ్దం వింటూ కూర్చున్నా రాలేదు. లేవబోతే రెండు కాళ్ళూ తడిసిన ఇసుక మూటల్లా ఉన్నాయి. అప్పుడు అరిచాను.

ఈసారి పెద్దాసుపత్రి క్యాజువాలిటీ. ఐదు గంటలు అయింది. కౌంటర్లో అమ్మాయి ఏం ప్రాబ్లం అని అడిగితే మా ఆయన కంగారులో "వెన్ను నొప్పి" అన్నారు. సరే, అక్కడ పక్కన ఉంచండి అంది. నేను స్ట్రెచర్ మీద, గోడ పక్కన. మా అమ్మాయి దూరంగా బండి పెట్టి పరిగెత్తుకొచ్చి కౌంటర్ దగ్గర గొంతు పెంచింది: "అమ్మ రక్తం పలచబడే మందు వాడుతుంది. గంట నుంచీ కాళ్ళు లేవట్లేదు. యూరిన్ రావట్లేదు." ఈ మూడు మాటలకే నన్ను లోపలికి తీసుకెళ్ళారు. ఆ రోజు మేము చెప్పిన మాటల్లో పనికొచ్చినవి ఇవే. ఎవరికైనా ఇలాంటి అవసరం వస్తే నొప్పి గురించి వివరించకండి, ఈ వరసలో ఇవి చెప్పండి చాలు.

లోపల చూసిన డ్యూటీ డాక్టర్‌కి పాతికేళ్ళు దాటినట్టు లేవు. ఆయన మొదట అడిగిన ప్రశ్న, "ఆఖరిసారి యూరిన్‌కి ఎప్పుడు వెళ్ళారమ్మా?" రాత్రి ఎనిమిదింటికి అన్నాను. పొట్ట మీద చెయ్యి వేసి నొక్కి చూశారు. తర్వాత ఒక పిన్ను తీసుకుని పాదం నుంచి పైకి గుచ్చుకుంటూ, "ఇక్కడ పదునుగా ఉందా, మొద్దుగా ఉందా?" అని అడుగుతూ వచ్చారు. తొడల దగ్గర మొద్దు, బొడ్డు దగ్గర మొద్దు. రొమ్ముల కింద ఒక గీత గీసినట్టు, అక్కడి నుంచి పిన్ను పిన్నులా తగిలింది. ఆయన నిజంగానే పెన్నుతో అక్కడ గీత గీసి పక్కన టైమ్ రాశారు. మలద్వారం చుట్టూ కూడా పిన్నుతో చూసి, వేలుతో పరీక్ష చేశారు. చచ్చేంత సిగ్గేసింది, కానీ అక్కడ నాకు కొంచెం స్పర్శ తెలిసింది. ఆ ఒక్క సంగతి వల్లే నాకు మంచి అవకాశం ఉందని తర్వాత రీహాబ్ డాక్టర్ చెప్పారు. అక్కడ స్పర్శ మిగిలి ఉంటే వెన్నుపాములో దారి పూర్తిగా తెగిపోలేదని అర్థమట.

సిస్టర్ మూత్రం తీసే గొట్టం, క్యాథెటర్, వేసింది. సంచిలోకి 900 మిల్లీలీటర్లు వచ్చింది. అంత నిండినా నాకు పోసుకోవాలన్న భావన సరిగా లేదు, బిగుతు మాత్రమే తెలిసింది. ఆ అంకె చూసిన డాక్టర్ నడక మారిపోయింది. ఫోన్ తీసి న్యూరోసర్జన్‌కి చేశారు, ఎంఆర్ఐ గదికి చేశారు.

ఎంఆర్ఐ దగ్గర ఒక అడ్డంకి. వాల్వ్ ఏ కంపెనీది, ఏ మోడల్, దానికి ఎంఆర్ఐ పర్వాలేదా అని టెక్నీషియన్ అడిగాడు. వాల్వ్ వేసినప్పుడు ఇచ్చిన కార్డు ఇంట్లో బీరువాలో ఉంది. మా అబ్బాయిని నిద్రలేపి, ఏ అరలో ఉందో ఫోన్లో చెప్పి, ఫోటో తెప్పించేసరికి అరగంట పైనే పోయింది. ఇప్పుడు ఆ కార్డు ఫోటో ఇంట్లో అందరి ఫోన్లలోనూ ఉంది. గుండె వాల్వ్ అయినా, పేస్‌మేకర్ అయినా, ఇంకేదైనా ఇంప్లాంట్ అయినా, ఈ పని ఇవాళే చేసిపెట్టుకోండి.

ఆరున్నరకి లోపలికి తోశారు. నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చారు కానీ ఆ వెన్నుతో బల్ల మీద వెల్లకిలా కదలకుండా పడుకోవడం నరకం. చేతిలో పెట్టిన రబ్బరు బంతిని నొక్కితే ఆపుతారు. నొక్కితే మళ్ళీ మొదటి నుంచి తీయాలేమోనని నొక్కలేదు.

బయటికి వచ్చేసరికి న్యూరోసర్జన్ ఉన్నారు. ఒక ఫారం వెనక బొమ్మ గీశారు. ఎముకల గొట్టం, మధ్యలో వెన్నుపాము, దాని చుట్టూ డ్యూరా అనే గట్టి పొర. ఆ పొరకీ ఎముకకీ మధ్య ఉన్న సందులో కొవ్వు, సన్నటి సిరలు. ఆ సిరలకి కవాటాలు ఉండవు కాబట్టి దగ్గినా, తుమ్మినా, ముక్కినా ఒత్తిడి నేరుగా వాటికి తగులుతుంది. అలా ఒకటి చిట్లి ఉంటుంది. మామూలు మనిషికైతే గడ్డకట్టి ఆగిపోయేదేమో, నాకు ఆగలేదు. ఛాతీ భాగంలో నాలుగో పూస నుంచి ఏడో పూస వరకు వెనకవైపు రక్తం చేరి వెన్నుపామును ముందుకి నెట్టేసింది. స్పైనల్ ఎపిడ్యూరల్ హెమటోమా అన్నారు. ఐఎన్ఆర్ రిపోర్ట్ అప్పటికే వచ్చింది, 5.8. రెండు వారాల క్రితం 2.9. మధ్యలో దగ్గుకి ఒక క్లినిక్‌లో ఇచ్చిన యాంటీబయాటిక్ ఒకటే కొత్తది. కొన్ని యాంటీబయాటిక్స్ వార్ఫరిన్ బలాన్ని పెంచేస్తాయి, అదే కారణం అయ్యుండొచ్చు అన్నారు.

అప్పటికి నా కాళ్ళలో కదలిక పూర్తిగా పోయింది. "కాళ్ళు వస్తాయా డాక్టర్?" అని అడిగాను. "మాట ఇవ్వలేనమ్మా. ఎంత తొందరగా ఒత్తిడి తీసేస్తే అంత మంచిది. పన్నెండు గంటల్లోపు తీస్తే బాగా కోలుకునే అవకాశం ఎక్కువ. మనం ఇంకా ఆ టైమ్‌లోనే ఉన్నాం" అన్నారు. నేను గోడ గడియారం వైపు చూశాను. ఏడూ ఇరవై.

కానీ 5.8తో కత్తి పెట్టలేరు. విటమిన్ కె సెలైన్‌లో ఎక్కించారు, అది పనిచేయడానికి గంటలు పడుతుంది. వెంటనే పనిచేయాలంటే రెండు దారులు. ఒకటి ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవ భాగం: ఫ్రీజర్‌లో ఉంచిన సంచుల్ని కరిగించాలి, ఎక్కువ మోతాదులో ఎక్కించాలి, గుండె జబ్బు ఉన్న మనిషికి ఆ ద్రవం భారం. రెండోది పీసీసీ అనే పొడి మందు: గడ్డకట్టించే ఫ్యాక్టర్లనే చిన్న సీసాల్లో పెట్టి ఉంచుతారు, నీళ్ళు కలిపి నిమిషాల్లో ఎక్కించేయొచ్చు. చాలా ఖరీదు. వార్డులో స్టాక్ లేదు, ఫార్మసీలో ముందు డబ్బు కట్టి తేవాలి. మా ఆయన కార్డు తీసుకుని పరిగెత్తారు. ఆ మందు ఎక్కించిన అరగంటకి మళ్ళీ రక్తం తీశారు, 1.3కి దిగింది.

ఈలోపు కార్డియాలజిస్ట్ వచ్చి మా వాళ్ళతో వేరే మాట చెప్పారు. రక్తాన్ని ఇలా ఒక్కసారిగా చిక్కబరిస్తే లోహపు వాల్వ్ మీద గడ్డ కట్టొచ్చు, అది ఊడి మెదడుకి వెళితే పక్షవాతం. ఒక సంతకం కాళ్ళ కోసం, ఇంకో సంతకం వాల్వ్ ప్రమాదం తెలుసని. కాగితాల మీద మా ఆయన చెయ్యి వణకడం చూశాను. నాకైతే ఆ టైమ్‌లో భయం లేదు. నడుం కింద నాది కాని శరీరం ఒకటి నాకు అతికించి ఉంది, దాన్ని ఎవరైనా ఏదైనా చేయనీ అనిపించింది.

తొమ్మిదింపావుకి థియేటర్‌లోకి తీసుకెళ్ళారు. లామినెక్టమీ. బోర్లా పడుకోబెట్టి, వెన్నుపూసల వెనక భాగపు ఎముకను తీసేసి, రక్తపు గడ్డను తొలగిస్తారు. మూడు గంటల పైన పట్టిందని తర్వాత చెప్పారు.

మెలకువ వచ్చాక మొదట తెలిసింది నొప్పి లేకపోవడం. కోత నొప్పి ఉంది, కానీ రాత్రంతా నన్ను తిన్న ఆ నొప్పి లేదు. రెండోది ముఖం. బోర్లా గంటలకొద్దీ పడుకోబెట్టడం వల్ల కనురెప్పలు, పెదాలు ఉబ్బిపోయి ఉన్నాయి. మా అమ్మాయి ఐసీయూలోకి వచ్చి నన్ను గుర్తుపట్టక పక్క మంచం దగ్గరికి వెళ్ళింది. ఇది ఎవరూ ముందు చెప్పరు. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది.

కాళ్ళకి గాలి పంపులున్న తొడుగులు వేశారు. కదలని కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా అవి నిమిషానికోసారి పిక్కల్ని పిసుకుతాయి. మిషన్ బుస్సుమనడం వినిపిస్తుంది, తొడుగు ఉబ్బడం దుప్పటి మీద నుంచి కనిపిస్తుంది, నాకు మాత్రం ఏమీ తెలియడం లేదు. ఆ శబ్దం వింటూ ఇప్పుడు తెలుస్తుందా, ఈసారి తెలుస్తుందా అని ఎదురుచూస్తూ పడుకున్నాను. సర్జన్ సాయంత్రం వచ్చి బొటనవేలు కదపమన్నారు. కదిపాననే అనుకున్నాను. కదల్లేదని ఆయన ముఖం చూసి తెలిసింది.

మర్నాడు మధ్యాహ్నం ఎడమ బొటనవేలు కదిలింది. నాకు కాదు, సిస్టర్‌కి కనిపించింది. "మళ్ళీ కదపండి మేడం" అని అరిచి ఇంకో సిస్టర్‌ని పిలిచింది. వాళ్ళిద్దరూ నా కాలి వేలి మీదికి వంగి చూస్తున్నారు. నేను ఏం చేస్తే అది కదులుతోందో నాకే తెలియదు, ఊరికే తలుచుకోవడమే.

ఆపరేషన్ చోట రక్తం బయటికి పోవడానికి పెట్టిన గొట్టం, డ్రెయిన్, 14న వెన్నులోంచి తీశారు. ఆ మర్నాడు వార్డుకి మార్చారు.

అసలు టెన్షన్ అప్పుడు మొదలైంది. రక్తం పలచబడే మందు మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలి? కార్డియాలజీ వాళ్ళు వీలైనంత తొందరగా అంటారు, న్యూరోసర్జరీ వాళ్ళు ఇంకొన్నాళ్ళు ఆగమంటారు. ఇద్దరూ నా మంచానికి చెరో పక్కన నిలబడి మర్యాదగానే వాదించుకునేవారు. ఇందులో అందరికీ సరిపోయే ఒకే లెక్క లేదట, మనిషిని బట్టి తేల్చుకోవడమే. లోహపు వాల్వ్ ఉన్నవాళ్ళకి తెలుసు, నిశ్శబ్దంగా ఉన్నప్పుడు దాని టిక్ టిక్ బయటికే వినిపిస్తుంది. ఆ చప్పుడు మందగించినట్టు అనిపిస్తే వెంటనే చెప్పమన్నారు. ఇంక నిద్ర ఎక్కడిది? ఏళ్ళ తరబడి విసుక్కున్న ఆ చప్పుడు కోసం రాత్రంతా చెవులు రిక్కించి పడుకున్నాను.

18 సాయంత్రం హెపారిన్ డ్రిప్ మొదలుపెట్టారు, అదీ రక్తం గడ్డకట్టకుండా చూసే మందే. మాత్ర కాకుండా డ్రిప్ ఎందుకంటే, ఏమైనా తేడా వస్తే వెంటనే ఆపేయొచ్చు, కొన్ని గంటల్లో ఒంట్లోంచి పోతుంది. ఆరు గంటలకోసారి రక్తం, గంటకోసారి "వేళ్ళు కదపండి". ఆ రాత్రి వెన్నులో చిన్న చురుకు పుట్టినా బెల్ కొట్టాను. సిస్టర్ ఒక్కసారీ విసుక్కోలేదు. వార్ఫరిన్ తర్వాతి వారం మొదలైంది.

మార్చి 24న రీహాబ్ సెంటర్‌కి మారాను. వెన్నుపాము గాయాలకి ఇంగ్లీషు అక్షరాల్లో ఏ (A) నుంచి ఈ (E) వరకు ఐదు గ్రేడ్‌లు ఉంటాయి. ఏ అంటే కింద ఏమీ లేదు, ఈ అంటే అంతా మామూలే. ఆపరేషన్‌కి ముందు నాది బి: స్పర్శ కొంచెం, కదలిక లేదు. రీహాబ్‌లో చేరేటప్పటికి సి అని రాశారు. బిడ్డ పరీక్ష పాసైనట్టు మా ఆయన అందరికీ ఫోన్లు చేసి చెప్పారు.

అక్కడ మొదటి పాఠం పక్కకి తిరగడం. వెన్ను మెలిక పడకుండా భుజాలూ నడుమూ కాళ్ళూ ఒకేసారి తిరగాలి. రెండు గంటలకోసారి తిప్పుతారు, రాత్రి కూడా, లేకపోతే స్పర్శ లేని చోట పుండు పడుతుంది. రెండో పాఠం నిలబడటం. ఒక బల్లకి కట్టి మెల్లగా నిటారుగా లేపుతారు. మొదటిసారి సగం లేపేసరికే బీపీ పడిపోయి కళ్ళు తిరిగాయి. నిలబడటం కూడా ఒంటికి మళ్ళీ నేర్పాల్సిన పని అని నేను అనుకోలేదు.

ఒక రాత్రి రెండు కాళ్ళూ వాటంతటవే ఎగిరాయి. ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. తెల్లారాక ఫిజియో అమ్మాయి మెల్లగా చెప్పింది, అది కదలిక తిరిగి రావడం కాదు, కండరాల బిగుతు, స్పాస్టిసిటీ అంటారని. మెదడు అదుపు తగ్గిన నరాలు తమ ఇష్టానికి స్పందిస్తాయట. ఆ బిగుతు తగ్గడానికి బాక్లోఫెన్ అనే మందు మొదలుపెట్టారు. అది వేసుకుంటే మగత, వేసుకోకపోతే ఎగరడం. మోతాదు కుదరడానికి కొన్ని వారాలు పట్టింది.

ఇక మూత్రం. క్యాథెటర్ తీసేస్తే వస్తుందనుకున్నాను. తీశారు, రాలేదు. కాళ్ళకి వెళ్ళే దారిలాగే మూత్రాశయానికి వెళ్ళే దారీ అక్కడి నుంచే. శాశ్వతంగా సంచి పెట్టుకుంటే ఇన్‌ఫెక్షన్లు, అందుకని నాలుగు నుంచి ఆరు గంటలకోసారి నేనే సన్నటి గొట్టం పెట్టుకుని ఖాళీ చేసుకోవాలన్నారు. ఈ మాట విన్న రోజు నేను ఏడ్చినంత, కాళ్ళు కదలని రోజున కూడా ఏడవలేదు. ఈ పని ఇంకొకరి చేత చేయించుకోలేను, నేను చేసుకోలేను.

నేర్పిన సిస్టర్ నా వయసు మనిషి. చేతులు కడుక్కోవడం నుంచి మొదలుపెట్టింది. కాళ్ళ మధ్య ఒక అద్దం నిలబెట్టింది. ఇన్నేళ్ళ జీవితంలో నేను నన్ను అక్కడ చూసుకున్నది అదే మొదటిసారి, ఏది ఎక్కడుందో కూడా నాకు తెలియదు. మొదటి రోజు గొట్టం తప్పు చోటికి వెళ్ళింది. "దాన్ని అక్కడే వదిలేయమ్మా, గుర్తుగా ఉంటుంది. ఇంకోటి తీసుకుని దానికి కొంచెం పైన పెట్టు" అంది. పెట్టాను. గిన్నెలోకి చప్పుడు వచ్చింది. ఒక వారానికి అద్దం అక్కర్లేకపోయింది. ఇప్పుడు ఐదు నిమిషాల పని, బ్యాగులో ఒక పౌచ్, అంతే. ఇంత మామూలు పనికి అంత ఏడ్చానా అనిపిస్తుంది, కానీ ఆ ఏడుపు లేకుండా ఇక్కడికి రాలేమేమో.

తాగే నీళ్ళూ, వచ్చే మూత్రమూ ఒక పుస్తకంలో రాయాలి. ఒక్కోసారికి 500 మిల్లీలీటర్లు దాటకుండా చూసుకోవాలి. దాటుతోందంటే మధ్య వ్యవధి తగ్గించాలి. విరేచనానికీ ఇలాంటి పద్ధతే, రోజూ ఒకే టైమ్‌కి మలద్వారంలో పెట్టే మందు, సపోజిటరీ. ఒంట్లో ఇంతవరకు అడగకుండా జరిగిన పనులన్నీ గడియారం చూసి చేయించాల్సి వచ్చింది.

ఏప్రిల్ 9న రెండు కడ్డీల మధ్య మొదటి అడుగు వేశాను. ఎడమ కాలు బాగా వచ్చింది. కుడి పాదం ముందు భాగం లేవక నేలకి రాసుకునేది, దానికి ప్లాస్టిక్ పట్టీ కొలిచి చేయించారు. ఆ పట్టీతో మామూలు చెప్పులు పట్టవు, కుడి బూటు ఒక సైజు పెద్దది కొనాలి, అంటే రెండు జతలు కొనాలి. వింత ఏమిటంటే బలం ఎక్కువున్న ఎడమ కాలికి వేడి చల్లన తెలియదు, బలం లేని కుడికాలికి తెలుస్తుంది. బలం మోసే దారులూ, వేడి తెలిపే దారులూ వెన్నుపాములో వేర్వేరు పక్కల్లో నడుస్తాయట. స్నానం నీళ్ళు ఇప్పటికీ చేత్తో చూసుకునే పోసుకుంటాను.

మే నెలాఖరుకి వాకర్‌తో ఇంటికి వచ్చాను. ఖర్చుల గురించి ఒక మాట. ఇన్సూరెన్స్ వాళ్ళు ఆపరేషన్, ఐసీయూ, ఆ ఖరీదైన మందు అన్నీ ఇచ్చారు, పేచీ పెట్టలేదు. రీహాబ్‌కి మాత్రం ఇది చికిత్స కాదు, సంరక్షణ అని కొట్టేశారు. క్యాథెటర్లు, కాలి పట్టీ, ఇంటికొచ్చే ఫిజియో, బాత్‌రూమ్‌లో కడ్డీలు, ఎత్తు పెంచిన కమోడ్, ఏవీ ఇవ్వలేదు. ఆపరేషన్ ఖర్చు ఒక్కసారి వచ్చి పోతుంది. ఇది నెలనెలా వస్తూనే ఉంటుంది, డబ్బు దాచుకునేవాళ్ళు దీనికోసం దాచుకోవాలి. అప్పీలు పెట్టాం. డిశ్చార్జ్ కాగితంలో "వైద్యపరంగా అవసరం" అని రాయించుకోండి అని రీహాబ్‌లో తోటి రోగి భర్త చెప్పారు. రాయించాం, ఇంకా తేలలేదు.

జూన్‌లో జ్వరం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్. లోహపు వాల్వ్ ఉంది కాబట్టి మూత్రంతోపాటు రక్తం కూడా క్రిములున్నాయేమో చూసే కల్చర్ పరీక్షకి పంపారు. యాంటీబయాటిక్ రాసేటప్పుడు వార్ఫరిన్‌తో పడుతుందా అని నేనే అడిగాను. కోట్రైమాక్సజోల్ లాంటివి ఐఎన్ఆర్‌ని బాగా పెంచుతాయని వేరేది రాశారు. అయినా మూడో రోజు చూపిస్తే 4.1. ఒక పూట మాత్ర ఆపి మోతాదు సరిచేశారు. ఇంట్లోనే వేలు గుచ్చి చూసుకునే ఐఎన్ఆర్ మీటర్ అప్పుడే కొన్నాం. ఇప్పుడు వారానికోసారి చూసుకుంటాను, కొత్త మందు ఏది మొదలైనా మూడు నాలుగు రోజుల్లో మళ్ళీ చూసుకుంటాను.

మళ్ళీ ఎంఆర్ఐ తీశారు, ఈసారి రక్తనాళాలు స్పష్టంగా కనిపించేందుకు కాంట్రాస్ట్ అనే మందు ఎక్కించి. రక్తనాళాల్లో పుట్టుకతో వచ్చిన చిక్కుముడి ఏదైనా ఉండి అది చిట్లిందేమో చూడటానికి. ఏమీ లేదు. మంచి వార్తే, కానీ ఎందుకు చిట్లిందో కచ్చితంగా తెలియకుండానే ఉండిపోతుంది. దగ్గు వస్తే ఇప్పటికీ దిండు గుండెలకి హత్తుకుని మెల్లగా దగ్గుతాను. అలా చేయాల్సిన పని లేదని డాక్టర్ చెప్పారు. చెయ్యి దానంతటదే దిండు వెతుక్కుంటుంది.

ఇప్పుడు సెప్టెంబర్. ఇంట్లో కర్ర లేకుండా, బయట కర్రతో నడుస్తున్నాను. గ్రేడ్ డి. మూత్రం సొంతంగానే వస్తోంది కానీ పూర్తిగా ఖాళీ కాదు, పొద్దున, పడుకునే ముందు గొట్టం పెట్టుకుంటాను. అప్పుడప్పుడు ఆపుకోలేనంత అర్జెంటుగా వస్తుంది, దానికి మాత్ర ఇచ్చారు. వచ్చే నెల యూరోడైనమిక్స్ పరీక్ష ఉంది, మూత్రాశయంలో ఒత్తిడి ఎంత పెరుగుతోందో చూస్తారు. ఎక్కువగా ఉంటే కిడ్నీలకి దెబ్బ, అందుకని ఇది తప్పించుకోకూడదట.

పోయిన వారం సర్జన్‌కి చూపించుకున్నాను. కుడి పాదం ఇంకా ఎంత వస్తుందని అడిగాను. మొదటి ఆరు నెలల్లో వచ్చేదే ఎక్కువ, ఆ తర్వాత ఏడాది ఏడాదిన్నర దాకా కొద్దికొద్దిగా రావచ్చు అన్నారు. పట్టీ ఎప్పుడు తీసేయొచ్చు అంటే, పాదం అడిగినప్పుడు అన్నారు. ఫిజియో వారానికి మూడు రోజులు కొనసాగించమని రాసి, అప్పీలుకి పనికొచ్చేలా సంతకం, స్టాంపు వేసిచ్చారు.